గంధకం పొగ

హలో… సుందర్ రావు బావేనా? ఆ, నేను కృపానందాన్ని, వరంగల్ మిల్లు నుంచి.

…లేదు, నూనె గడ్డకట్టలే. పొద్దటి సంది తిప్పుతానే ఉన్నం, నీళ్ల లెక్కనే ఉన్నది. వనస్పతి అయ్యే సూరతే లేదు.

…మన కూలి యాకయ్యనా? నూనెను గడ్డకట్టిచ్చే నికెల్ పొడి అమ్ముకొని బూడిద కలిపిండా? ఎవలు చెప్పిన్రు… ఓహో, నువ్వే అనుకున్నవా. శాన తెలివి నీది.

…జర ఆగు. మొన్న సేటు వస్తాండని, నల్లులు చావాలని గోదాంల గంధకం పొగ పెట్టిచ్చిందెవలు?

…గోదాం ఒక్కటైతే నాకు ఫికర్ లేకుండె. నూనె ఉడికే పీపాల గూడ పెట్టిచ్చినవ్ గదా. శుద్ధి కావాలని నికెల్ డబ్బాల మూతలు గూడ తీపిచ్చినవ్. కెమిస్టును నేనున్న, ఒక్క మాట అడిగినవా?

…పొగకు ఏమైతదా? ఇను. నికెల్ ఖర్చయ్యే సరుకు గాదు. హైడ్రోజన్ గ్యాసు వచ్చి దాని మీద కూసుంటది, నూనె వచ్చి పక్కన కూసుంటది, రెండు కలిసి లేచిపోతయ్. జాగ మళ్ల ఖాళీ. గంధకం కూసున్నదంటే మాత్రం లేవది. అది పని చెయ్యది, చేసేటోల్లను రానియ్యది. మేనేజర్ కుర్చీల నిన్ను కూసోబెట్టినట్టే.

…కోపమెందుకు? రసాయనం చెప్తాన.

…హన్నక్కకు చెప్తవా? చెప్పుకో. నీ పెండ్లామే గదా, నీ సంగతి మా అక్కకు నాకంటె ఎక్కువ ఎరుక.

…రేపు యాకయ్యను పోలీసు అమీనుకు అప్పజెప్తవా? ఏం ముఖం పెట్టుకొని? పీపా గోడకు పచ్చటి గంధకం ఇంక అంటుకొనే ఉన్నది. నేను కడగనియ్యలే.

…ఆ, ఇక్కడనే ఉన్నడు. బువ్వ ముట్టలే. నా ముఖమే చూస్తాండు.

…నన్ను గూడ తీసేస్తవా? నువ్వు కాదు, సేటు చెప్పాలె ఆ మాట. పక్కనే ఉన్నడు గదా, దగ్గు ఇనవడుతాంది. ఫోన్ ఆయనకియ్యి.

…నమస్తే సేటు సాబ్. నికెల్ ఎవ్వలు దొంగతనం చెయ్యలే. మా బావ పొగ పెట్టిచ్చి—

…ఏంది?

…మీరే చెప్పిన్రా.

…పీపాల గూడ? మూతలు తియ్యుమన్నది గూడ మీరేనా…

…అయితే సేటు సాబ్, రేపు అమీనుకు ఎవల పేరు చెప్తరు?

…హలో. హలో…

పెట్టేసిండు. యాకయ్యా, లే… బువ్వ తిను. రేపు ఠాణాకు నేను గూడ వస్త.