పాతర కడుపులో మద్దిలేటి

సుంకులమ్మ, మద్దిలేటి పెండ్లాం, ఒకే ఒక్క అబద్ధం చెప్పిందంట. ఏమైందంటే, వీధి కింద కేబులు వేసేదానికి మిషనోళ్ళు వచ్చినారు. రోడ్డు తవ్వరంట. ఈ కొసన ఒక గుంత, ఆ కొసన ఒక గుంత, నడుమంతా నేల లోపల్నే ఇనప కడ్డీ తిరుక్కుంటా పోతాది, పందికొక్కు బొరియ చేసుకోని పోయినట్ల. కడ్డీ యాడ పోతాందో కనిపెట్టేదానికి పైన ఒకాయప్ప చేతిలో పెట్టె పట్టుకోని నడుస్తాడు. ఆ పెట్టె ఆయప్ప ముందే ఇల్లిల్లూ తిరిగి, "అమ్మా, ఈడ కింద బావులు, గుంతలు ఏమన్నా ఉండాయా?" అని అడిగినాడు. ఉండాది మరి! వాళ్ళ వాకిట్లో రెండు నిలువుల లోతు జొన్న పాతర, గింజలు పోసి మూతేసే నేల గుంత. కానీ పాతర తావు పరాయోళ్ళకు చెప్తే గింజ నిలవదని మన పట్టింపు కదా. తలుపు సందులోనుంచి అత్త కన్నెర్ర చేసింది. "ఏమీ లేవు నాయనా" అనేసింది సుంకులమ్మ. కడ్డీ పోయేది రోడ్డు కింద, పాతర ఉండేది మన వాకిట్లో, ఏమైతాదిలే అనుకునింది. పాతరకు నోరు చిన్నది, కడుపు పెద్దది, ఆ కడుపు రోడ్డు కిందికే పోయిందని తోచలా పాపం.

మూడో దినం జొన్నలు తీసేదానికి పాతర మూత తీసినారు. చెడుగాలి పోయినాక దీపం దింపి చూస్తే ఆరలా. మద్దిలేటి నడుముకు మోకు కట్టుకోని దిగినాడు. గంప నింపి పంపినప్పుడల్లా పైకి చూసి నవ్వుతాడంట, ఆ గుండ్రటి వెలుతుర్లో పెండ్లాం మొగం ఒక్కటే కనపడతాంటే. అంతలో, "ఏమే, గోడ గురగురమంటాంది" అన్నాడు. సుంకులమ్మ తలెత్తి చూస్తే పెట్టె ఆయప్ప వాకిలి దగ్గరికే వస్తాన్నాడు. అరికాళ్ళ కింద నేల వణుకుతాంది. "పైకి రా, పైకి రా!" అని మోకు లాగింది. రాలా. గోడ చెమర్చి, బూడిద రంగు బురదనీళ్ళు బుసబుసా కారినాయి, మన్ను మెత్తబడేదానికి కడ్డీ మొననుంచి కొట్టే నీళ్ళు అవి. జొన్నలు జారే కొద్దీ మనిషి మోకాళ్ళ దాకా, నడుము దాకా దిగబడిపాయ. "సుంకులూ!" అని ఒకే కేక.

అత్త చెయ్యి పట్టుకునింది, "నోరిప్పొద్దే, వీధంతా చూస్తాంది!" అని. "నీ కొడుకు లోపలుండాడత్తా!" అని ఇదిలించుకోని, మోకు గుంజకు చుట్టి, వీధిలోకి ఉరికి, "అన్నా, ఆపు! ఈడ పాతరుంది, మా ఆయన లోపలుండాడు, నేను అబద్ధం చెప్పినా!" అని నెత్తి కొట్టుకునింది. ఆయప్ప వాకీటాకీలో "బంద్! బంద్!" అని అరిచినాడు. అరిస్తే మాత్రం, ఆ కొసన మిషను దగ్గరున్నోడు ఆపేదాకా కడ్డీ ఆగదు కదా. లోపల మట్టిపెళ్ళ ఊడి, ఇనప ముక్కు బయటికొచ్చి, మద్దిలేటి రొమ్ముకు జానెడు దూరంలో ఇంకా రెండు చుట్లు తిరిగి ఆగిందంట. జానెడు. ఇంతే, చూడండి!

ఆరుమంది లాగితే వచ్చినాడు, ఒళ్ళంతా బూడిద రంగు బురద. పెట్టె ఆయప్ప మళ్ళీ ఇల్లిల్లూ తిరిగితే ఆ వీధిలోనే పదకొండు పాతర్లు తేలినాయి. అత్త మూడు దినాలు ఏడ్చింది, తడిసిన జొన్నల కోసమనుకో. మద్దిలేటి మాత్రం మోకు విప్పనీలా. పొద్దుగూకేదాకా నడుముకు మోకుతోనే అరుగు మీద కూచున్నాడు. ఆ కొస సుంకులమ్మ చేతిలో. మేమంతా ఆ దోవన పోతా చూసినాం. నవ్వొచ్చింది గానీ, ఒక్కరమూ నవ్వలా.