పూస కట్టని నెయ్యి

నల్లజర్లలో ఆ సాయంత్రం, కొనే బేరగాడు వచ్చేలోగా ఆవుని కడిగి ఉంచుదామని తల్లి నీళ్ళు పోస్తుంటే, ఏలూరు నుంచి పశువైద్యం చదివిన కూతురు వచ్చింది.

"అమ్మా, ఆగు! ల్యాబ్ పరీక్షలో తేలింది. నీ నెయ్యిలో చుక్క నూనె కూడా లేదు."

"నేను కలపలేదని నాకు తెలీదటే? మరి పూసెందుకు కట్టదు? గూడెం కొట్లో షావుకారు గారు అందరి ముందూ నెయ్యి డబ్బా తిరిగిచ్చేసి, 'మీరు కూడానా అండీ' అన్నారు. ఆ రోజు నుంచీ నాకు ముద్ద దిగట్లేదు."

"ఆవుదీ తప్పు కాదమ్మా. పాలలో కొవ్వు మెత్తగా ఉండే ఆవుల్నే తరతరాలుగా ఏరి, ఈ రకాన్ని పెంచారు. గుండెకి కాస్త మేలని. ఆ కొవ్వు త్వరగా గడ్డకట్టదు."

"దీని తల్లికి ఆ రకం చూలు సూది వేయించింది నువ్వే కదే! ముందే చెప్పొద్దూ?"

"మా పుస్తకాల్లో పూస సంగతి రాయలేదే!"

తల్లికి ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది.

"షావుకారు గారికి ఫోన్లో అంతా చెప్పానమ్మా. పాపం, చాలా నొచ్చుకున్నారు. డబ్బా మళ్ళీ తీసుకుంటారట. వాళ్ళింటికి పంపమన్నారు."

"ముందు బేరగాణ్ణి రావద్దను. డబ్బా ఇంటికెందుకూ? సంతరోజు నేనే కొట్టుకి తీసుకెళ్తాను. అందరి ముందూ తిరిగిచ్చారుగా, అందరి ముందే పుచ్చుకోమను."