ముందుగా వచ్చిన ట్రే

సర్వీసా? దాన్ని సర్వీసు అనకండి కాత్యాయని ఆంటీ, నాకు ఒళ్ళు మండుతుంది! లండన్ నుంచి న్యూయార్క్ దాకా అంత పెద్ద సముద్రం మీద ఎగురుతామని ఎన్ని కలలు కన్నాను! తీరా ఎక్కాక ఏముంది? ఆఫీసులు వదిలేవేళ మన ఊరి మెట్రో ట్రైనే. కాకపోతే ఇక్కడ నిలబెట్టి నొక్కుతారు, అక్కడ కూచోబెట్టి నొక్కుతారు.

మీరు సూట్‌కేసు సర్దుతూనే ఉండండి, నేను చెప్తాను. ఆ సముద్రం మీదుగా మీకూ అంకుల్‌కీ ఇదే మొదటిసారి కదా, ఏం ఆశ పెట్టుకోకూడదో తెలియాలి.

దుప్పటి ఇస్తారు చూడండీ... ముక్కు తుడుచుకోడానికి పెద్దది, కప్పుకోడానికి చిన్నది. శాలువా పెట్టుకోండి. చెవులకి తగిలించుకునేది ఒకవైపే పలుకుతుంది. నెత్తిమీద బటన్ నొక్కితే ఒకావిడ వస్తుంది. ఏం కావాలని అడగదు, లైటు ఆర్పేసి వెళ్ళిపోతుంది! మంచినీళ్ళంటే ఉగ్గుగిన్నెడు. ఇహ టీ! ఆ గోరువెచ్చటి నీళ్ళని టీ అన్నవాడు మన హాకర్ సెంటర్లో, ఆ తిండి కొట్ల మధ్య, ఒక్క పూట బతకడు.

నవ్వుతారు మాత్రం, టూత్‌పేస్టు డబ్బా మీద బొమ్మలా. "చికెనా, పాస్తానా?" అంటూ బండి తోసుకుని మోచేతులు పగలగొడుతూ వస్తారు. వెనక వరసలకొచ్చేసరికి ఆ అడగడం కూడా ఉండదు, మిగిలింది పడేస్తారు. ఆ బన్ను ఉంది చూశారూ, చేజారితే విమానానికే దెబ్బ!

ఏంటీ? ఆదివారం సంగతా? అబ్బా, మళ్ళీ మీ మేనల్లుడేనా? కౌశల్ వాళ్ళ అమ్మానాన్నా ఆదివారం మా పిన్ని ఇంటికొస్తారని నాకూ తెలుసు. ఈలోపు నేను ఈ పెళ్ళికి అవునో కాదో చెప్పాలనీ తెలుసు.

మంచివాడే. కాదన్నానా? చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకు ఉద్యోగం, మాట మర్యాద, అన్నీ. కానీ టోవా పాయో హాకర్ సెంటర్లో మొదటిసారి కలిసినప్పుడు ఏం చేశాడో తెలుసా? జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి టేబుల్ మీద పడేశాడు. సీటు చోప్ చేశాడట, అంటే ఇంకెవరూ కూచోకుండా గుర్తు పెట్టాడట! నన్ను అక్కడ కూచోబెట్టి ఆ ఉక్కపోతలో క్యూలో నిలబడ్డాడు. నా ప్లేటు నా ముందు పెట్టి, తనకోసం మళ్ళీ పోయి క్యూ చివర నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఇదేనా ఆంటీ, నేను చిన్నప్పట్నుంచీ ఎదురుచూసింది?

ఇంకెవరైనా ఉన్నారా అంటారా?

...సరే. పిన్నితో అనకూడదు మరి.

ఆ విమానంలోనే. ఆ దిక్కుమాలిన విమానంలోనే ఒక్కడంటే ఒక్కడు మనిషన్నవాడున్నాడు. నాతో వచ్చిన మా నందితక్క చంటిదాని తొట్టె కోసం ముందు వరసలో కూచుంది. నేను ఎక్కడో వెనక, ఒంటరిగా. తిండి బండి ఇంకా కదల్లేదు. విమానంలో వడ్డించే ఆ అబ్బాయి ఒకే ఒక్క ట్రే పట్టుకుని, అంతమందినీ దాటుకుని, తిన్నగా నా దగ్గరికొచ్చాడు. వంగి, మెల్లిగా, "నిఖిలా?" అన్నాడు.

నా పేరు ఆంటీ! నేను చెప్పలేదు. ఎవర్నడిగి కనుక్కున్నాడో! పక్కన లావుపాటాయన నా ట్రే వంకే చూస్తున్నాడు. సిగ్గేసి ముద్ద దిగలేదు. దిగేముందు టిఫిన్ పెట్టినప్పుడూ అంతే, నాకే ముందు!

ఏం తిన్నానా? ఇంత చెప్తే అదా మీరు అడిగేది? అన్నం, పప్పు, ఏదో కూర. ఆ రోజు శనివారం, నేను నీచు ముట్టనని టికెట్లప్పుడే అక్క శాకాహారం అని చెప్పించింది.

ఎందుకలా చూస్తున్నారు?

అంకుల్‌కి షుగరని మీరూ విడిగా చెప్పించారా? అయితే? అలా చెప్పించినవాళ్ళకి... అందరికన్నా ముందే తెస్తారా? ఎవరికైనా? పేరు ట్రే మీదే అంటించి ఉంటుందా?

అబద్ధం. మీ మేనల్లుడి కోసం కల్పిస్తున్నారు.

హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా ఇంతేనా? అంకుల్ దగ్గరికి కూడా వచ్చి, వంగి, మెల్లిగా, "జనార్దనరావ్?" అంటారా?

ఛీ. ఛీ ఛీ! ఎంత గొప్ప సర్వీసండీ! షుగరున్న పెద్దాయనకీ నాకూ ఒకటే గొంతు, ఒకటే నవ్వు! అవతల మనిషికి ఆశ పుడుతుందని వాళ్ళకి ఎవరూ నేర్పరా? ఇది ఉత్త పప్పన్నమే తల్లీ అని ఒక్క ముక్క చెప్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

నవ్వకండి ఆంటీ. మీకు సగమే తెలుసు.

నిన్న సాయంత్రం కౌశల్ ఫోన్ చేశాడు. పెద్దవాళ్ళు రాకముందే నా మనసు తెలుసుకుందామని. నేనేమన్నానో తెలుసా? "అంతమందిలో నన్ను పేరుపెట్టి వెతుక్కుంటూ వచ్చినవాడొకడున్నాడు. మీరు నాకోసం ఏం చేశారు?" అన్నాను. అవును, అలాగే అన్నాను. "సరేనండీ, మావాళ్ళకి నేనే నెమ్మదిగా చెప్పుకుంటాను, మీమీద మాట రానివ్వను" అన్నాడు. అంతే, పెట్టేశాడు.

అందుకే ఈ సంగతి మీదాకా ఇంకా రాలేదు.

వద్దు, మీరు అతనికి ఫోన్ చెయ్యకండి! ఏమని చెప్తారు? పిల్ల పప్పన్నాన్ని ప్రేమించిందనా? ఆగండి, నేనే చేస్తాను.

మోగుతోంది.

మోగుతోంది ఆంటీ...

కట్ చేశాడు.

పోతే పోయాడు, నాకేం! అని లోపల రెండుసార్లు అనుకున్నాను. మీ ముందు పైకి మాత్రం అనలేను ఆంటీ.