మొదటి నుంచి చెప్పు

పందొమ్మిదివందల తొంభై ఒకటో సంవత్సరం జూన్ పదిహేడవ తేదీన సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయినిగా మన పాఠశాలలో అడుగుపెట్టిన నాటి నుంచి, ఉప ప్రధానోపాధ్యాయినిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న నేటి వరకు, సహోద్యోగుల గౌరవానికీ, విసుగుకూ సమానంగా పాత్రులైన మేడంగారిని అభినందించే భాగ్యం ఈ వ్యాసానికి దక్కింది. గౌరవం సంగతి వీడ్కోలు సభలో వేదిక మీది వక్తలు ఎలాగూ చెబుతారు కనుక, విసుగు సంగతి ఇక్కడ చెప్పుకోవడం న్యాయం.

వారు చేరిన రోజుల్లో క్రమశిక్షణ అంటే స్టాఫ్ రూము బీరువా మీది బెత్తం. దండం దశగుణం భవేత్ అన్నదే ఆనాటి విద్యా సిద్ధాంతం. ఇంట్లో అల్లరి చేస్తే మీ టీచరుతో చెబుతామని తల్లిదండ్రులు బెదిరించేవారు. బడిలో అల్లరి చేస్తే మీ నాన్నను పిలిపిస్తామని ఉపాధ్యాయులు బెదిరించేవారు. అసలు ఆ పసివాడు ఏం చేశాడో, ఎందుకు చేశాడో అడిగే తీరిక ఇటువాళ్లకీ లేదు, అటువాళ్లకీ లేదు. ఈ తంతు చూసి చూసి మేడంగారికి ఒళ్లు మండిపోయేది. క్రమశిక్షణ బాధ్యత తమ చేతికి వచ్చిన నాడే ఆ బెత్తాన్ని గోడ మీది దేశపటంలో నదులు చూపించే కర్రగా మార్చి, తమ గదిలో ఒక నియమం ప్రవేశపెట్టారు.

ఆరోపణకు గురైన విద్యార్థి, ఫిర్యాదు చేసిన ఉపాధ్యాయుడు, ఇంటి నుంచి వచ్చిన పెద్ద, ముగ్గురూ ఒకే ఎత్తున్న కుర్చీల్లో కూర్చోవాలి. ముందు విద్యార్థే మాట్లాడాలి. పెద్దవాళ్లెవరైనా మధ్యలో నోరు తెరిస్తే, విద్యార్థి జరిగినదంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. వినడానికి ఎంత సులభం! పాటించడానికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. పగిలిన కిటికీ అద్దం గురించిన విచారణ ఒకటి మధ్యాహ్న విరామంలో మొదలై ఆఖరి గంట దాకా సాగింది, ఎందుకంటే ఆ కుర్రవాడి తండ్రి వృత్తిరీత్యా వకీలు. కొడుకు "బంతి నేనే వేశాను" అనగానే ఆయన అభ్యంతరం చెప్పేవారు. మేడంగారు "మొదటి నుంచి చెప్పు నాన్నా" అనేవారు. సాక్షిగా కూర్చున్న ఈ వ్యాసకర్త ఆ సాయంత్రం బస్సు తప్పిపోయి నడిచి ఇల్లు చేరవలసి వచ్చింది. 'మొదట్నుంచి మేడం' అన్న బిరుదు పిల్లలు ఇచ్చినదని అందరూ అనుకుంటారు గానీ, నిజానికి అది స్టాఫ్ రూములో పుట్టింది.

ఉప ప్రధానోపాధ్యాయినిగా పదోన్నతి పొందిన తరువాత వారి ఓపిక పెరగలేదు, కుర్చీల సంఖ్య మాత్రం పెరిగింది. నాలుగు తగిలించండి మేడం, అప్పుడు గానీ దారికి రాడు అనే తండ్రులూ, మా బంగారాన్ని పల్లెత్తు మాట అనడానికి వీల్లేదు అనే తల్లులూ ఒకే రోజు, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటి నుంచి వచ్చేవారు. ఇరుపక్షాలనూ సాగనంపాక, మేడంగారు బల్ల మీద తల ఆనించి కూర్చోవడం చాలామంది చూశారు. పిల్లలతో వేగవచ్చు, పెంచేవాళ్లతోనే వేగలేకపోతున్నాను అని వారు వాపోయేవారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేడంగారు రచ్చ గెలిచి ఇల్లు చేరేసరికి వినే ఓపిక కాస్తా బడిలోనే ఖర్చయిపోయేది. మా అమ్మ బడిలో అందరి మాటా మొదటి నుంచి వినేది, మాకు మాత్రం తీర్పు ఒక్కటే మిగిలేది అని వారి కుమార్తె నవ్వుతూనే అనేవారు గానీ, ఆ నవ్వు నిలిచేది కాదు.

ఇక ఈ వీడ్కోలు సంచికలో తప్పక నమోదు కావలసిన ఉదంతం. మేడంగారి మనవరాలు మన పాఠశాలలోనే ఆరవ తరగతి చదువుతోంది. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి, వ్యాయామ ఉపాధ్యాయులు ఆట వస్తువుల గదిలో ఉండగా, బయటి నుంచి గడియ పెట్టి వెళ్లిపోయింది. పాపం ఆయన లోపలి నుంచి ఈల వేశారు. ఈల వినబడితే తరగతులన్నీ మైదానంలో వరుసలు కట్టాలని నేర్పింది ఆయనే కనుక, బడి మొత్తం బయటికి వచ్చి నిశ్శబ్దంగా వరుసలు కట్టింది. ఆయన ఎంత గట్టిగా ఊదితే వరుసలు అంత తిన్నగా నిలబడ్డాయి. చివరికి తోటమాలి గడియ తీశాడు.

వారం రోజుల సస్పెన్షన్, ఆటల జట్టు నుంచి తొలగింపు అన్నది వ్యాయామ ఉపాధ్యాయుల కోరిక. సొంత మనవరాలు కాబట్టి వదిలేశారని రేపు ఎవరైనా అంటారేమోనన్నది మేడంగారి భయం. అన్నేళ్ల పేరు ఆఖరి రోజుల్లో మంటగలిసిపోతుందేమోనని వారు రాత్రంతా కుమిలిపోయారట. మరునాడు మూడు కుర్చీలూ వేశారు. వ్యాయామ ఉపాధ్యాయులు, మనవరాలు, ఇంటి పెద్దగా కుమార్తె వచ్చి కూర్చున్నారు. అయినా మేడంగారు ఎవరినీ ఏమీ అడగకుండానే సస్పెన్షన్ ఉత్తర్వు మీద సంతకం చేయడానికి కలం తీశారు.

"నేనింకా చెప్పలేదు మేడం," అంది మనవరాలు. ఇంట్లో అమ్మమ్మా అని మెడకు చుట్టుకునే పిల్ల, బడిలో ఏనాడూ మేడం అని తప్ప పిలిచి ఎరుగదు.

మేడంగారి కలం ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టి, మెల్లగా, "మొదటి నుంచి చెప్పు," అన్నారు.

"ఆ గదిలోంచి చివర వచ్చినవాళ్లు గడియ పెట్టాలని సార్ రూలు. మొన్న చివర వచ్చింది నేనే. సార్ లోపల వల సరిచేసుకుంటున్నారని తెరిచే ఉంచాను. గడియ ఎందుకు పెట్టలేదని పీరియడ్ అంతా ఎండలో నిలబెట్టారు. ఎందుకో చెప్పబోతే, కారణాలు చెప్పొద్దు, రూలంటే రూలే అన్నారు. నిన్న కూడా సార్ లోపలే ఉన్నారు. తెరిచి ఉంచినా తప్పే కదా, అందుకని ఈసారి పెట్టేశాను."

"సారు లోపలుంటే పెట్టకూడదని తెలీదా?" అని తల్లి అందుకున్నారు. మనవరాలు నిట్టూర్చి, "ఆ గదిలోంచి చివర వచ్చినవాళ్లు..." అని మళ్లీ మొదలుపెట్టింది.

రెండోసారి విన్నాక వ్యాయామ ఉపాధ్యాయులు మెడలోని ఈల తీసి బల్ల మీద పెట్టి, ఆ రోజు తాను వినిపించుకోని మాట నిజమేనని ఒప్పుకున్నారు. పెట్టకూడదని తెలిసే, కోపంతో పెట్టానని మనవరాలు కూడా ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. గడియ పెట్టేముందు లోపల ఎవరున్నారని కేకవేయాలని నియమం మారింది. ఉత్తర్వు చిరిగింది.

అందరూ లేచారు, కుమార్తె మాత్రం లేవలేదు.

"అమ్మా, నాదీ ఒకటుంది," అన్నారు ఆమె. "నా చిన్నప్పటి గోడ గడియారం సంగతి."

"ఇప్పుడా గోలెందుకే? అది పగలగొట్టింది నువ్వేగా..." అన్నారు మేడంగారు.

"అమ్మా, మొదటి నుంచి చెప్పు," అంది మనవరాలు, తల్లి చేయి పట్టుకుని.

మేడంగారు తమ కుర్చీ వదిలి, విద్యార్థులు కూర్చునే కుర్చీలో కూతురికి ఎదురుగా కూర్చున్నారు. ఆ సాయంత్రం ఆ కథ పూర్తి కాలేదు. వారు నాలుగుసార్లు అడ్డుపడ్డారని మనవరాలి ద్వారా తెలిసింది. గడియారం తరువాత చెప్పవలసినవి చిన్ననాటి నుంచి ఇంకా చాలా ఉన్నాయని కుమార్తె సెలవిస్తున్నారు. ఆ అడ్డుపడే వేగం చూస్తే అవన్నీ పూర్తి కావడానికి ఒక జీవితకాలం పట్టేట్టుంది. కనుక మేడంగారు సంపూర్ణ ఆరోగ్యంతో, ముఖ్యంగా చెవులు చక్కగా పనిచేస్తూ, నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలనీ, ఆ కథలన్నీ కూతురి నోట మొదటి నుంచి చివరి దాకా తనివితీరా వినాలనీ మనసారా కోరుకుంటున్నాం.