తెగిన తీగ తెచ్చినవారికే

సభాధ్యక్షులు శ్రీ బాలకృష్ణ గారికి, వేదిక మీది పెద్దలకు, వైరా చుట్టుపక్కల అందరూ తీగల బద్యాగా ఎరిగిన నేటి సన్మానితులు శ్రీ బద్యా గారికి, వారి ధర్మపత్ని శ్రీమతి చాంది గారికి, సభాసదులందరికీ నమస్కారములు.

ఈ లేఖ పైభాగాన తేదీ గాని, స్థలం గాని కనిపించవు. అది మరపు కాదు. తేదీ వేస్తే దీనిని ఎన్ని వారాలుగా తిరగరాస్తున్నానో మీకు తెలిసిపోతుంది. స్థలం వేస్తే మీలో కొందరు అరటిపండ్లు కొనుక్కొని పరామర్శకు బయలుదేరుతారు. మోకాలు మడవలేని ముసలివాడిని మంచం మీద చూడటం వలన చూసేవారికి లాభం లేదు, నాకు అసలే లేదు. (సభ ఇక్కడ నవ్వవచ్చును. నవ్వకపోతే, నా తరఫున దీనిని చదువుతున్న జ్యోత్స్న ఒక్క క్షణం ఆగి ముందుకు సాగవలెను.)

ఆహ్వానపత్రికలో రెండు అచ్చుతప్పులు ఉన్నవి. వాటిని సభ ముగిసిన తరువాత విడిగా పంపుతాను. ఇక అధ్యక్షులు బాలకృష్ణ గారు ఒకప్పుడు నాకు ప్రధానోపాధ్యాయులు. నా వాక్యం పూర్తి కాకముందే గంట కొట్టించే అలవాటు వారికి ఉండేది. ఈరోజు వారి చేతికి గంట అందకుండా చూడవలసినదిగా నిర్వాహకులకు మనవి.

ములకలపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న మా బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను తెలుగు పండితుడిగా ఉన్న కాలంలో, మణుగూరు కాలనీ ఖాళీ చేసి సొంతూరికి పోతున్న ఒక ఇంజనీరుగారి భార్య, సామాను బరువు తగ్గుతుందనో, పిల్లల మీద దయతోనో, ఎనిమిది యుకులేలీలను మాకు ఇచ్చి వెళ్లారు. ఎరుగనివారి కోసం చెబుతున్నాను: అది గిటారుకు చెల్లెలి వరస, చంకలో ఇముడుతుంది, తీగలు నాలుగే, అవీ ఇనుపవి కావు, నైలానువి, ఆరో తరగతి పిల్ల వేళ్లకు చక్కగా సరిపోతుంది. నాకు సంగీతం రాదు, ఛందస్సు వచ్చు. కందపద్యాన్ని ఆ నాలుగు తీగల మీద నడిపించవచ్చునని కనిపెట్టిన నాడు కలిగిన గర్వం నాకు ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం వచ్చిన నాడు కూడా కలగలేదు. ఆ పురస్కారం నాకు రాలేదన్నది వేరే సంగతి. (విరామం.)

ఏడాది తిరగకుండా తీగలు తెగడం మొదలైంది. ఎవరో చెప్పగా, ఒక యుకులేలీని తువ్వాలులో చుట్టుకొని, రెండు బస్సులు మారి, వైరా జలాశయం దారిలో బద్యా గారి రేకుల షెడ్డుకు వచ్చాను. చేపలు పట్టేవారికి గాలపు దారం అమ్ముతూ, అదే నైలాను దారంతో భజనవాళ్ల వాయిద్యాలకు తీగలు చేసి ఇస్తున్న మనిషి నా మొహం చూడకుండానే చెయ్యి చాచారు.

"తెగింది ఏది?"

"పారవేశాను."

"పారేసినవా? అయితే మళ్ల రా సారూ. తెగింది తెస్తెనే కొత్తది."

"కొత్తదానికి పాతదానితో ఏమి పని?"

"దవాఖానకు పోయి, నొప్పిని ఇంట్ల పెట్టి వచ్చిన అంటవా? తెగినకాడ చూస్తెనే నొప్పి యాడున్నదో తెలుస్తది."

లోపలి నుంచి చాంది గారి గొంతు వినిపించింది: "పొద్దుగాల్నుంచి ముగ్గురిని వాపస్ పంపిండు సారూ. చాయ్ తాగి పోండ్రి. గదానికి పాత గిలాస తెమ్మని అడగం."

చాయ్ తాగి, తిట్టుకుంటూ తిరిగి వెళ్లాను. మరుసటి ఆదివారం తెగిన తీగలన్నింటినీ కవరులో వేసుకొని వచ్చాను. బద్యా గారు ఒక్కొక్క కొసనూ వేళ్లతో తడిమి, "ఇది మెడకాడ తెగింది, ఆడ గాడి పదునున్నది, గీకాలె. ఇది నడుమ తెగింది. గోర్లు పెంచిన పిల్ల ఎవరో ఉన్నది మీ బడిల," అన్నారు. బడికి వెళ్లి పిల్లలందరి చేతులూ చాచమన్నాను. ఏడో తరగతిలో ఒకే ఒక్క పిల్లకు గోర్లు ఉన్నవి. ఆమె ఇప్పుడు అదే పాఠశాలలో కాంట్రాక్టు ఉపాధ్యాయురాలై, మీ ఎదుట నిలబడి ఈ లేఖ చదువుతున్నది. (జ్యోత్స్న తన చేతులను సభకు చూపవలసిన పని లేదు.)

ఆ తరువాత పద్నాలుగు సంవత్సరాలు, ఉద్యోగవిరమణ తరువాత కూడా, తెగిన తీగలు తీసుకొని ఈ షెడ్డుకు వస్తూనే ఉన్నాను. బద్యా గారు గాలపు దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ జరుపుతూ, కళ్లు మూసుకొని, సన్నమో లావో తేడా తగిలినచోట కోసి పారవేసి, మొదటి నుంచి చివరి దాకా ఒక్క తీరుగా ఉన్న ముక్కను మాత్రమే దూలానికి కట్టి, కొసకు రాయి వేలాడదీసి, రెండు రోజులు ఆగి ఇచ్చేవారు. ఆ తీగ బిగిస్తే ఇక జారేది కాదు. ఒకసారి నేను, "మీకు అక్షరాలు నేర్పుతాను, తీగల పొట్లం మీద పేరు వ్రాసుకోవచ్చు," అన్నాను. "అక్షరాలు నువ్వు చదువు సారూ, నేను వింట," అన్నారు. ఆ మాట నాకు గుర్తున్నది. ఈ లేఖ అందుకే ఇంత పొడవైనది.

నిరుడు దసరా తరువాత షెడ్డుకు తాళం పడింది. అప్పటి నుంచి నా తిరుగుడు మొదలైంది. ఖమ్మంలో ఒక దుకాణదారు, "గిటారు తీగ దీనికి మస్తుగా పడుతది సార్, గ్యారంటీ," అని ఇనుప తీగలు ఇచ్చాడు. నైలాను తీగలకు పుట్టిన వాయిద్యం ఇనుము బిగువును ఓర్చుకోలేదన్న ఇంగితం నాకు ఉండవలసినది. మూడో తీగ బిగిస్తూ ఉండగా తీగలను పట్టి ఉంచే చెక్కపట్టీ ఊడివచ్చి నా కళ్లద్దాలకు తగిలింది. భద్రాచలంలో భజన సామగ్రి అమ్మే ఆయన వాయిద్యాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది బొమ్మ కాదా పంతులుగారూ?" అన్నారు. కొరియరులో తెప్పించిన తీగలు చూపునకు బాగున్నవి. కాని పద్యం మొదటి పాదంలో ఉన్న శ్రుతి మూడో పాదానికి ఉండదు. చివరకు నేనే గాలపు దారం కొని, స్టూలు ఎక్కి, మా ఇంటి దూలానికి రాయి కట్టాను. రాయి కట్టడం నాకు వచ్చింది. తడమడం రాలేదు. మోకాలు మూలపడింది కూడా ఆ స్టూలు దిగుతూనే. ఎనిమిదింటిలో నేడు ఒక్కటి పలుకుతున్నది, అదీ మూడు తీగల మీద. నేను అలసిపోయాను.

ఇక్కడి దాకా చెప్పినది మర్యాద. చెప్పవలసినది ఇది. జ్యోత్స్నా, కవరును సభలోనే విప్పమన్నది ఇందుకే. ఇక్కడ ఆగవద్దు, చదువు.

బద్యా గారు చెప్పాపెట్టకుండా మూసివేశారని ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ప్రతి దుకాణంలోనూ ఫిర్యాదు చేశాను. అది అబద్ధం. నాలుగేండ్ల కిందటే చెప్పారు. నాకే చెప్పారు. నా ఎదుట రెండు వేళ్లనూ రుద్దుకుంటూ అన్నారు: "మొద్దుబారుతున్నయ్ సారూ. షుగరంట. ఆ గోర్ల పిల్ల, జ్యోత్స్న, డిగ్రీ అయిపోయింది కదా, ఆదివారం ఆదివారం పంపు. ఏడాదిల నేర్పిస్త. మొన్న నీతోటి వచ్చినప్పుడు దారం చేతికిస్తె, లావున్నకాడ టక్కున ఆగింది. దాని వేళ్లకు తెలుస్తది."

అడుగుతానని చెప్పి వచ్చాను. అడగలేదు. నా చేతికింద పద్యం నేర్చిన పిల్ల రేకుల షెడ్డులో గాలపు దారం తడుముతూ కూర్చోవడమా అనుకున్నాను. ఆమె చేత బి.ఎడ్. దరఖాస్తు నింపించాను. మరుసటి నెల బద్యా గారు అడిగితే, "ఆ అమ్మాయికి ఇష్టం లేదట," అన్నాను. "అవ్ లే, సదువుకున్న పిల్ల," అని, ఆయన ఎప్పటిలాగే తీగల పొట్లం కట్టి ఇచ్చారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ముప్పై అయిదేండ్లు ఇతరుల తప్పుల కింద ఎర్ర గీతలు గీసిన నేను ఈ తప్పును నాలుగేండ్లు దాచుకున్నాను. ఎదుటపడి ఒప్పుకొనే ధైర్యం లేక, ఎవరికి అన్యాయం చేశానో ఆ పిల్ల నోటితోనే చెప్పిస్తున్నాను. ఇది రెండో అన్యాయమని కూడా ఎరుగుదును. (విరామం. ఎంతసేపన్నది జ్యోత్స్న ఇష్టం.)

బద్యా గారూ, ఇదే కవరులో ఒక కాగితం మడతలో తెగిన తీగ ఉన్నది. మీరు చేసి ఇచ్చిన చివరి పొట్లంలోని చివరి తీగ అది. మీ నియమం ప్రకారం పంపుతున్నాను గాని, బదులు కొత్తది అడగను. తెగినచోటు మీ వేళ్లకు ఇప్పుడు తెలియకపోవచ్చు. దానిని ఈ అమ్మాయి చేతిలో పెట్టి, నొప్పి ఎక్కడున్నదో చెప్పమనండి. ఆ తరువాత, ఆదివారాలు వస్తుందో రాదో అడగండి. వస్తే మంచిది, రాకపోయినా ఆమె తప్పు లేదు. ఈసారి మాత్రం ఆమెనే అడగండి. నా ద్వారా వద్దు.

పద్నాలుగేండ్లు నా ఆశ్రమ పాఠశాల పద్యాన్ని శ్రుతి తప్పకుండా నిలిపిన మీకు, పాత గిలాస అడగకుండా చాయ్ ఇచ్చిన చాంది గారికి, గంట కొట్టని అధ్యక్షులకు, ఓపికతో విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.

ఈ లేఖను ఒక్క వాక్యమైనా విడిచిపెట్టకుండా, ముఖ్యంగా విడిచిపెడితే బాగుండునని నాకు అనిపించిన చోట గొంతు తగ్గించకుండా, బద్యా గారికి వినిపించేలా గట్టిగా చదవవలసినదిగా ప్రార్థన.

ఇట్లు,
ఆదినారాయణ,
విశ్రాంత తెలుగు పండితుడు