రెండు చుక్కల నూనె

మచిలీపట్నంలో ఒక ఆసుపత్రి, మధ్యాహ్నం. మంచం మీద స్టీఫెన్, ముఖానికి ఆక్సిజన్ మాస్కు. పక్కన తల్లి రాహేలు. నర్సు కల్పన అప్పుడే లోపలికి వచ్చింది.

“ఇవాళ మాస్కు తీస్తామన్నారు. తీశాక ఊపిరాడకపోతేనో, కల్పనా? మళ్ళీ పెట్టేలోపు ఏదన్నా అయిపోతేనో?”

“ఏం కాదండీ. పది నిమిషాలే తీసి చూస్తాం. నేనిక్కడే ఉంటాగా.”

“నువ్వు అటు తిరిగినప్పుడే అవుతుంది. నాకు తెలుసు.”

“రాహేలు గారూ, చేతిలో ఏంటండీ అది?”

“ఏం లేదు.”

“సీసా ఏదో దాస్తున్నారు.”

“ప్రార్థన నూనెమ్మా. కొబ్బరినూనే. పాస్టరు గారు ప్రార్థన చేసిచ్చారు. మాస్కు తీయగానే ముక్కులో రెండు చుక్కలు…”

“ముక్కులోనా? ఆగండాగండి. ఇదివరకెప్పుడన్నా వేశారా?”

“ఎప్పుడన్నా ఏంటి. మూడేళ్ళప్పుడు నిమ్ము చేసి చావు దాకా వెళ్ళొచ్చాడు. మా హంసలదీవి సముద్రపు గాలి తెలుసుగా. అప్పట్నుంచి రోజూ పడుకోబెట్టి వేసేదాన్ని. గుడివాడలో ఉద్యోగం వచ్చాక నెలకో సీసా బస్సులో పంపిస్తున్నా.”

“ముక్కులో ఏమన్నా వేసుకుంటావా అని డాక్టరు గారు రెండుసార్లు అడిగితే, మీ అబ్బాయి లేదని తలూపారే.”

“ఆయనెందుకు అడిగారు?”

“కూర్చోండి ముందు.”

“ఎందుకు అడిగారమ్మా?”

“ఊపిరితిత్తుల్లోంచి తీసిన నీళ్ళలో నూనె బొట్లు కనపడ్డాయండీ. పడుకుని వేసుకుంటే కొంచెం కొంచెం లోపలికి జారుతుంది. లోపల చెత్త మింగే కణాలుంటాయి. నూనెని మింగుతాయి గానీ అరాయించుకోలేవు. పగిలిపోతాయి.”

“చచ్చిపోతాయా?”

“చావడమైతే రోజూ కొన్ని చడీచప్పుడు లేకుండా పోతూనే ఉంటాయి. ఇవి అట్లా కాదు. ఉబ్బి, పగిలి, లోపలున్నదంతా బయటికి చిమ్ముతాయి. ఆపదొచ్చిందని పక్కవాటికి కబురన్నమాట. అవీ పరిగెత్తుకొస్తాయి, అవీ పగులుతాయి. అట్లా వాపు పెరిగి, నీరు చేరి, గాలికి చోటుండదు.”

“కాపాడదామనేగా వచ్చాయి.”

“కాపాడదామనేనండీ.”

“అయితే నేనే…”

“అట్లా అనుకోకండి. కారణం తెలిసిందిగా, నూనె ఆపితే తగ్గే అవకాశం ఉంది. డాక్టరు గారికి చెప్పొస్తాను. మీరు మాట్లాడించండి. మాస్కులోంచి మాట్లాడగలరు, నాలుగు రోజులుగా ఆయనే నోరు విప్పట్లేదు.”

“స్టీఫెన్. ఒరే నాన్నా. విన్నావుగా.”

“…”

“ఆ సీసాలు పారేసేవాడివి కదూ? కృపాకుమారి పిన్ని అననే అంది, ముప్పయ్యేళ్ళవాడు ముక్కులో నూనె వేసుకుంటాడా, ఏ కాలవలోనో పారేస్తాడులే అని. అప్పుడు ఏడ్చాను. ఇప్పుడు అదే నిజమైతే బాగుణ్ణు.”

“…”

“తిట్టన్రా. ఫోన్లో వేసుకున్నావా అంటే వేసుకున్నానమ్మా అనేవాడివి. నా నోరు ముయ్యడానికేగా? అబద్ధమేగా?”

“…”

“తలన్నా ఊపరా. ఒక్క సీసా కూడా వాడలేదని చెప్పు చాలు. లేకపోతే ఆ ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని ఇదెవరితో చెప్పుకోను?”

“…”

“నాన్నా.”

“పారెయ్యలేదమ్మా. గుడివాడ గదిలో పలకరించే మనిషి లేడు. ఆ వాసనొస్తే నువ్వు పక్కన కూర్చున్నట్టుండేది. నువ్వు రెండు చుక్కలన్నావు. నేను నిద్రపట్టేదాకా వేసుకునేవాణ్ణి.”