దెబ్బ తినే విద్య

కువైట్, 1990 సెప్టెంబరు. ఇరాక్ సైన్యం వచ్చి ఆరు వారాలు. సబ్హాన్‌లో మూతబడిన ఒక గోదాం. మిట్టమధ్యాహ్నం.

"కొట్టన్నా."

"కొట్టను."

"ఒక్కటి. ఈడ, కడుపు మింద. ఎట్లా తట్టుకునేదో సూస్తా."

"పిచ్చా నీకు రెడ్డెమ్మా? మిష్రిఫ్ నుంచి ఇంత ఎండలో, రెండు చెక్‌పోస్టులు దాటుకుని వచ్చింది నాచేత గుద్దించుకోడానికా?"

"కాకపోతే నీ మొగం సూసేదానికా? నీళ్ళ డబ్బా చేతిలో పెట్టుకోని, నీళ్ళకు పోతాండా అని చెప్పి దాటినా. ఏడుకొండలన్నా, నువ్వు నేను పనిచేసే ఇంటికి బియ్యం మూటలు దించను వచ్చినప్పుడల్లా కతలు చెప్తాంటివి గదా. కాకినాడలో బాక్సింగు ఆడినా, పదేండ్లు దెబ్బలు తిన్యా అని."

"ఆడేను. అయితే ఏంటంట?"

"అయితే నేర్పు. ఒళ్ళు ఎట్లా గట్టి చేసుకుండేది?"

"నిన్నెవరు కొడతారిప్పుడు?"

"ఎవురో ఒకరు కొడతారు. నేర్పుతావా లేదా?"

"సైనికులు ఇంటికొచ్చేరా?"

"నేనడిగిందానికి చెప్పన్నా ముందు."

"చెప్తాను, కూర్చో. ఆ పెట్టి మీద కాదు, విరిగిపోద్ది. మా మాస్టారు రోజూ పొద్దున్నే మమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఇసక నింపిన తోలు బంతి పొట్ట మీదకి వదిలేవోరు. ఆనక నిలబెట్టి వెదురు బద్దలతో డొక్కలు బాదించేవోరు. చర్మం మొద్దుబారాలని మొహం ఉప్పునీళ్ళతో కడిగించేవోరు."

"బారిందా?"

"మంట పుట్టింది. అంతే."

"మరి కడుపు?"

"కండ కొంచెం గట్టిపడద్ది, కాదనను. అదీ కసరత్తు వల్ల, బాదినందువల్ల కాదు. పదేళ్ళు అలా తిన్నానా? విశాఖపట్నంలో పోటీకెళితే ఒక బక్కోడు ఎడం చేత్తో ఇదిగో, ఇక్కడ, కుడి డొక్క కింద ఒక్కటిచ్చాడు. కార్జం మీద. ఊపిరి రాలేదు. గొంతుక్కూర్చుండిపోయేను. జనమంతా చూస్తుండగా కళ్ళంట నీళ్ళు."

"పదేండ్లు తిని కూడానా?"

"పదేళ్ళు తిని కూడా. ఎందుకో తెలుసా? ఆ దెబ్బ నాకు కనబళ్ళేదు. కనబడే దెబ్బ వేరు, కనబడని దెబ్బ వేరు. ఇంక తలకాయకైతే అసలు సాధకమే లేదు. తిన్నకొద్దీ పాడవుద్ది తప్ప రాటుదేలదు."

"అంటే తినీ తినీ అలవాటైపోతాది అనేది అబద్దం."

"పచ్చి అబద్ధం."

"నేనూ అదే అనుకున్యా."

"నువ్వెప్పుడనుకున్నావ్?"

"మా ఇంటి యజమానురాలు, ఆ మామా కొడతాదిలే. ఇస్త్రీ మాడితే చెంప మింద. బిడ్డ ఏడిస్తే ఈపు మింద. నాలుగేండ్లుగా. ఒక్కనాడన్నా నొప్పి తగ్గింటే ఒట్టు."

"ఆవిడ కొట్టుద్దని ఒక్కసారైనా చెప్పలేదే!"

"చెప్తే ఏం జేస్తాంటివి? ఇంకో మూట దించి పోతాంటివి."





"విను. రేపు పొద్దున్న బస్సుంది. బాగ్దాదు మీదుగా జోర్డాను, అక్కడ్నుంచి విమానం. నాతోపాటు నీ పేరూ రాయించేను."

"కొట్టెయ్‌మను."

"ఏంటీ?"

"నా పేరు. కొట్టెయ్‌మను. ఖలాస్. నేను రాను."

"నిన్ను బాదిన మనిషి కోసం ఉండిపోతావా?"

"ఆమె కోసమని ఎవురు చెప్పినారు? ఎవుడో తుపాకి పట్టుకోనొచ్చి బెదిరిస్తే పరిగెత్తేదాన్ని కాను. నేను పోయేది నాకు పోవాలనిపించినప్పుడు. పాఠం చెప్పు."

"మొండిదానివి."

"ఔ. చెప్పు."

"సరే, లే. కాళ్ళు ఎడంగా పెట్టు. గెడ్డం కిందకి, మెడ బిగించు. పళ్ళు కరుచుకుని ఉండు, లేపోతే నాలిక తెగుద్ది. కళ్ళు మూయకు. కొట్టేవోడి చెయ్యి చూడకు, భుజం చూడు. ముందు అదే కదులుద్ది. కదలగానే హుస్సుమని గాలొదిలి పొట్ట బిగబట్టు. ఆ ఇసక బంతి నాకు నేర్పింది ఇదొక్కటే, ఎప్పుడు బిగించాలో. ఒళ్ళు గట్టిపళ్ళేదు గానీ బెదురు పోయింది."

"కండ్లకు గుడ్డ కడితే?"

"ఆ?"

"కండ్లకు గుడ్డ కడితే భుజం ఎట్లా కనపడతాదన్నా?"

"గుడ్డ కడతారని నీకెవరు చెప్పేరు?"

"కడితే ఏం చేయాల?"

"చెవులతో కనిపెట్టాలి. బూటు చప్పుడు దగ్గరికి రాగానే బిగించాలి. మోచేతులు రెండూ డొక్కలకి ఆనించి ఉంచాలి. కింద పడితే లేవకు, ముడుచుకో. ఏదీ, మోచేతులు ఆనించు. రెండూ. ఎడం పక్క ఆనించవేం?"

"ఆనిచ్చినా."

"లేదు. చెయ్యి తియ్యి, చూడనీ."

"ముట్టుకోవద్దన్నా! ఆ పక్క ఒద్దు."

"రెడ్డెమ్మా... ఎప్పుడు?"

"మొన్న శుక్రారం. సైనికులు పట్టకపోయి, మామా మొగుడు యాడ దాక్కున్యాడో చెప్పమన్యారు."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పేవా?"

"ఇల్లు ఊడ్చేదాన్ని, నాకేం తెలుసు అన్యా. కొట్టినారు. మల్లా అడిగినారు. మల్లా అదే అన్యా. ఎన్నితూర్లో లెక్క తెల్దు. ఆకరికి కొట్టేవాడే అలిసిపోయి, ఈ ఇండియాదానికేం తెలీదు, పంపించండి అన్యాడు."

"అయ్యబాబోయ్! అరవలేదా నువ్వు?"

"అరవలా. అరిస్తే వానికి సంబరం గదా."

"అరవాలే పిచ్చిదానా! అరిస్తే గాలి బయటికి పోద్ది, ఒళ్ళు తట్టుకుంటది. మాస్టారు మాత్రం నోరెత్తితే తిట్టేవోరు. దాన్నే మగతనం అనుకునేవోళ్ళం."

"అరవచ్చా? అది చెప్పినావు, మేలు. అదీ చెప్తా."

"ఎవరికి చెప్తావ్? నిన్ను మళ్ళీ రమ్మన్నారా?"

"నన్ను కాదు."

"మరి?"

"గడ్డం కిందికి. మోచేతులు డొక్కలకు. చప్పుడు ఇనపడితే గాలొదిలేది. పడితే లేయొద్దు. నొప్పయితే అరవచ్చు. ఇంకేమన్నా ఉండాదా?"

"ఇంకేం లేదు. ఎవరికమ్మా ఇదంతా?"

"మామాకు. రేపు ఆమెను రమ్మన్యారు. పాపం, ఆమెకు కొట్టేది తెలుసు గానీ తినేది తెల్దు."